విగ్గు నుంచి సవరం దాకా

నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో జాకెట్లు కుడతాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఛాతీ, నడుము, చంక, చెయ్యి పొడవు, వెనక మెడ లోతు. ఎవరైనా గుమ్మంలో అడుగు పెట్టగానే సగం కొలతలు నా కంటికే తెలిసిపోతాయి. అలాంటి నేను మొదటి విగ్గు కొనేటప్పుడు టేపు తీసి ఒక్కసారి కూడా నా తల చుట్టూ పెట్టుకోలేదు. ఫోన్‌లో బొమ్మ చూశాను, నచ్చింది, డబ్బు కట్టేశాను.

నేను ట్రాన్స్ మహిళని. 29 ఏళ్ల వయసులో చీర కట్టుకుని పగటిపూట బయటికి వచ్చాను. అప్పటికే నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోయింది, మా నాయనకి పోయినట్టే. మిగిలింది మగపిల్లాడి క్రాఫు. చీర కట్టడం వచ్చు, జాకెట్టు నేనే కుట్టుకోగలను, బొట్టూ కాటుకా చిన్నప్పటి నుంచి తలుపు గడియ పెట్టుకుని నేర్చుకున్నవే. జుట్టు ఒక్కటే నా చేతిలో లేదు. దాన్ని నా చేతిలోకి తెచ్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. నాలాంటి అక్కచెల్లెళ్లూ, అప్పుడప్పుడూ చీర కట్టుకుని మనసు నింపుకునే మగవాళ్లూ నాలాగా డబ్బు పోగొట్టుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఆ మొదటి విగ్గు ఖరీదు 2,200 రూపాయలు. నడుం దాకా పొడవు, కాటుక నలుపు, నిగనిగలు, నడి పాపిట. చిన్నప్పుడు మా ఊరి అరుగుల మీద అవ్వలు కోడళ్ల అందం గురించి మాట్లాడితే మొదట జడ పొడవే లెక్కగట్టేవాళ్లు. ఆ లెక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది. పెట్టె విప్పి తలకి పెట్టుకుని అద్దంలో చూసుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

తర్వాతి వారం కావలిలో తెలిసినవాళ్ల పెళ్లి. మా పెద్దక్క కూడా వచ్చింది. తోడబుట్టిన అక్క కాదు, ఈ దారిలో నాకన్నా ముప్పై ఏళ్లు ముందు నడిచిన మనిషి. బస్సు దగదర్తి దాటేలోపే విగ్గు మెడ వెనక నుంచి పైకి పాకడం మొదలుపెట్టింది. లాగితే ముందు అంచు కనుబొమల మీదికి దిగుతుంది, వదిలితే వెనక నా క్రాఫు బయటపడుతుంది. పెళ్లి హాల్లో లైట్ల కింద ఆ జుట్టు ప్లాస్టిక్ మెరుపు మెరిసింది. పందిట్లో ఆడవాళ్లందరి జుట్టూ నూనె మెరుపు మెరుస్తోంది. ఈ రెండు మెరుపులూ ఒకటి కావని అక్కడ పక్కపక్కన చూసినప్పుడే తెలిసింది. భోజనాల దగ్గర ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ కొంగు లాగి, "ఆ అత్త జుట్టు బొమ్మ జుట్టా?" అని అడిగింది. ఇంటికొచ్చి విగ్గు తీస్తే నుదుటి మీద ఎర్రటి గాడి. రెండు రోజులు తలనొప్పి.

పెద్దక్క నన్ను ఓదార్చలేదు. "అందరూ నీ జుట్టు చూస్తుండారు మే. నిన్ను చూసినోళ్లు ఒక్కరన్నా ఉండారా?" అని అడిగింది.

అక్క వాళ్ల నాయన నాటకాల పిచ్చి ఉన్న మనిషి, బాపట్ల స్థానం నరసింహారావు గారి ఆటలు కళ్లారా చూసినవాడు. ఆడవేషాలు కట్టి 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడాయన. నాయన దగ్గర విన్న సంగతులన్నీ అక్కకు నోటికొచ్చు. ఆ రాత్రి నాతో అంది: "స్టేజి మీద కట్టే జుట్టు ఆఖరి వరసలో కూర్చున్నోడికి కూడా కనపడాల. అందుకే అంత పొడుగు, అంత నలుపు. నువ్వు షేర్ ఆటోలో పక్కామెకి భుజం ఆనించి కూర్చుంటావు. నీకు కావాల్సింది జానెడు దూరం నుంచి చూసే జుట్టు."

నాకు విగ్గు గురించి అంత పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం సాయంత్రం గాంధీబొమ్మ సెంటర్‌లో ఒక కూల్‌డ్రింక్ షాపు మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ల తలలే చూశాను. నా వయసు వాళ్లని, నా ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లని ఏరి మరీ చూశాను. నడుం దాటిన జడ గంట సేపట్లో నాలుగైదు కూడా కనపడలేదు. ఎక్కువమందికి వీపు సగానికి జడ, లేదంటే క్లచ్చర్ పెట్టి పైకి చుట్టిన ముడి. ఒక్కరి జుట్టు కూడా కాటుక నలుపు కాదు, ఎండకి చివర్లు కొంచెం గోధుమ రంగుకి తిరిగి ఉన్నాయి. పాపిటలో తల చర్మం సన్నగా కనపడుతోంది. చెవుల ముందు, నుదుటి అంచున, మాట వినని చిన్న చిన్న వెంట్రుకలు. నా విగ్గులో ఇవేవీ లేవు. నేను కొన్నది ఎవరి తల మీదా లేని జుట్టు.

ఇంటికొచ్చి టేపు తీశాను.

తల కొలత ఎలా తీయాలో ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకీ చూపిస్తాను. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట టేపు పెట్టి, చెవుల వెనక నుంచి తిప్పి, మెడ మీద పుర్రె కింది గుంట దాకా తెచ్చి, మళ్లీ ముందుకి కలపాలి. చెవుల మీదుగా పోనిస్తే కొలత తప్పుతుంది. నాలాగా ముందు జుట్టు వెనక్కి పోయినవాళ్లు ఉన్న చోట నుంచి కాకుండా, ఉండాల్సిన చోట నుంచి తీయాలి. కనుబొమల పైన నాలుగు వేళ్లు పెట్టుకుంటే ఆ చోటు దొరుకుతుంది. నాది 23 అంగుళాలు వచ్చింది. ఆడవాళ్ల విగ్గులు మామూలు సైజు 22, 22న్నర దగ్గర ఉంటాయి. అర అంగుళం బిగిస్తే జాకెట్టు హుక్కు పట్టదని రోజుకి పదిమందికి చెప్పేదాన్ని, అదే అర అంగుళం నా తలని పిండిందన్న సంగతి నాకు తట్టలేదు. మగశరీరంతో పుట్టిన చాలామందికి తల కొంచెం పెద్దదిగానే ఉంటుంది. అందుకే పెద్ద సైజు అడగాలి. వెనక పట్టీలు బిగించుకోవచ్చు, చిన్నదాన్ని మాత్రం సాగదీయలేం.

కొలత తర్వాత మొహం. ఇది నా సొంత పద్ధతి, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. అద్దం ముందు కదలకుండా నిలబడి, ఒక కన్ను మూసి, గుడ్డ మీద గీసే సుద్దతో అద్దం మీదే నా మొహం అంచు గీశాను. వెనక్కి జరిగి చూస్తే నాకు తెలియని నా మొహం కనపడింది. నుదురు వెడల్పు. దవడలు పలకగా ఉన్నాయి. దవడ మూల దగ్గరా నుదుటి దగ్గరా వెడల్పు దాదాపు ఒకటే. సుద్దగీత కళ్ల మీది ఎముకని చూపించలేదు. పక్కకి తిరిగితే అది కాస్త ముందుకి వచ్చినట్టు కనపడింది.

తర్వాత నల్ల లైనింగు గుడ్డ తీసుకుని తల మీద కప్పుకున్నాను, రెండు పక్కలా మొహానికి ఆనేట్టు. దాన్నే ఒక్కో పొడవుకి మడుస్తూ చూసుకున్నాను. గుడ్డ దవడ దగ్గర ఆగితే కన్ను తిన్నగా దవడ మీదికే పోయింది, పలక ఇంకా పలకైంది. చెవుల దాకా మడిస్తే తల చిన్నదై భుజాలు రెండింతలైనట్టు అనిపించింది. నడుం దాకా వదిలితే ఆ నల్లదనంలో మొహం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మెడ ఎముక దాటి రెండు మూడు అంగుళాలు కిందికి దిగిన చోట ఆపినప్పుడు, దవడ మూల గుడ్డ వెనక్కి పోయి, మొహం మెడలోకి మెత్తగా దిగింది. భుజాలకీ తలకీ ఒక లెక్క కుదిరింది. గుడ్డని పక్క పాపిటలాగా ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్చగా సర్దితే నుదుటి వెడల్పు విరిగింది. అరగంట పని, ఖర్చు లేదు. ఆ మొదటి 2,200 ఖర్చు పెట్టకముందు ఈ గుడ్డ ముక్క పట్టుకుని ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అందరికీ ఇదే కొలత కాదు. పొడుగు మొహం ఉన్నవాళ్లకి నడినెత్తి మీద ఎత్తు పెరిగితే మొహం ఇంకా సాగుతుంది. వాళ్లకి చెవుల దగ్గర కొంచెం ఒత్తుగా, అలలుగా ఉండాలి. గుండ్రటి మొహానికి దీనికి తలకిందులు. జుట్టంతా బిగించి వెనక్కి దువ్వి ముడి వేయడం మాత్రం మనలో చాలామందికి తొందరగా నప్పదు. నుదుటి అంచు, దవడ రెండూ ఒకేసారి బయటపడతాయి.

పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పన్నెండు దాకా మగ్గం జాకెట్లు కుట్టి 25,000 కూడబెట్టి, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లాను. వెంట్రుకల వ్యాపారానికి చెన్నై పెద్ద కేంద్రం, విదేశాలకీ అక్కడి నుంచే పోతాయి. మొదట వెళ్లిన దుకాణంలో అమ్మే కుర్రాడు ఇంకో కుర్రాడిని పిలిచి నన్ను చూపించాడు. అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. మీరూ నిలబడకండి. తల మీద చెయ్యి వేయనిచ్చే మనిషి మర్యాద తెలిసినవాడై ఉండాలి.

రెండో దుకాణంలో ఒక నడివయసు ఆవిడ. గూడూరు దగ్గర పుట్టిందట, మన తెలుగే. తెర వెనక కుర్చీ వేసి, "తొందరేం లేదమ్మా, నిదానంగా చూసుకో" అంది. మధ్యాహ్నం మూడింటి దాకా తొమ్మిది విగ్గులు పెట్టి చూపించింది. నాకు విగ్గుల సంగతి నేర్పింది ఆవిడే.

వెంట్రుక మీద చేప పొలుసులాంటి పొర ఉంటుందట. తల నుంచి తోక వైపు నిమిరితే చేప నున్నగా ఉంటుంది, తోక నుంచి తల వైపు గీకితే పొలుసు లేస్తుంది కదా. వెంట్రుకా అంతే. కుదుళ్లన్నీ ఒక వైపు, చివర్లన్నీ ఒక వైపు ఉండేట్టు కోసి కట్టిన జుట్టుని రెమీ అంటారు, అది చిక్కుపడదు. మన వీధుల్లో చిక్కు వెంట్రుకలు కొంటామని అరుస్తూ స్టీలు గిన్నెలిచ్చి తీసుకుపోతారే, ఆ దువ్వెన జుట్టులో తలా తోకా కలిసిపోయి ఉంటాయి. దాని పొలుసు మందులో కరిగించి, పైన సిలికాన్ పూత పూస్తారు. కొన్నప్పుడు పట్టులా ఉంటుంది, నాలుగు తలంట్లకి పూత పోయి ఉండకడుతుంది. దుకాణంలో తేడా పట్టుకోవాలంటే ఒక పాయని వేళ్ల మధ్య కింది నుంచి పైకి, పై నుంచి కిందికి నిమరాలి. రెమీ జుట్టు ఒక వైపే గరుకుగా తగులుతుంది. రెండు వైపులా ఒకేలా జారితే అనుమానించాలి.

"మంచి జుట్టు అంటే గుడి జుట్టే. అక్కడ మొక్కు జుట్టుని కుదుళ్ల దగ్గరికి గొరిగి పాయలుగా తీస్తారు. తిరుమలది దేవస్థానం వేలం వేస్తుంది, పొడవుని బట్టి రకాలు కట్టి" అంది ఆవిడ. నా తల మీద ఉన్నది కూడా అలాంటిదేనట.

నాకు ఆరేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి చేతికి అందకుండా పోయేంత పని అయింది. మా అమ్మ మొక్కుకుంది. నేను లేచి నడిచాక తిరుమల తీసుకెళ్లి, కళ్యాణకట్టలో తన జుట్టంతా ఇచ్చేసింది. తొడల దాకా ఉండే జుట్టు. ఆ కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంటుంటే అదే గుర్తుకొచ్చింది. ఏ తల్లి ఎవరి కోసం మొక్కుకున్న జుట్టో ఇది. విగ్గు రెండు చేతులతో తీసి కళ్లకద్దుకుని మళ్లీ పెట్టుకున్నాను. ఆవిడ ఏమీ అడగలేదు.

చివరికి తీసుకున్నది 14 అంగుళాల పొడవు, పక్క పాపిట, ముందు అంచు నెట్టు మీద ఒక్కో వెంట్రుక ముడివేసి అల్లిన రకం. లేస్ ఫ్రంట్ అంటారు. రంగు ఒకటి బి, అంటే కాటుక నలుపుకి ఒక మెట్టు తక్కువ. గాంధీబొమ్మ సెంటర్‌లో నేను చూసిన తలలన్నీ ఆ రంగువే. ఒత్తు 130 శాతం. నూట ఎనభై కూడా చూపించారు, బొమ్మలో అదే బాగుంటుంది, మనిషి మీద గంపలా ఉంటుంది. 19,500 అయింది. వంటింట్లో, మిషను దగ్గర పెట్టుకోవడానికి 1,800 పెట్టి ఒక సింథటిక్‌ది కూడా తీసుకున్నాను. కొనేముందు వీధిలోకి, పగటి వెలుతురులోకి వెళ్లి చూసుకుంటానని పట్టుబట్టాను. ఆవిడే వచ్చి ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోన్‌లో ఫోటోలు తీసింది. మనం అద్దంలో ముందు నుంచే చూసుకుంటాం, లోకం మనల్ని ఎక్కువగా పక్క నుంచి చూస్తుంది.

ఆ నెట్టు అంచు తెల్లవాళ్ల చర్మానికి సరిపడే రంగులో ఉంది. ఇంటికొచ్చాక చిక్కటి టీ డికాషన్ కాచి చల్లార్చి, ఆ అంచుని మాత్రం పది నిమిషాలు నానబెట్టాను. లేసులకి రంగు మార్చడం మా పనిలో ఉన్నదే. ఆరాక చూస్తే నా నుదుటి రంగుకి దగ్గరకి వచ్చింది. మిగులు నెట్టుని తిన్నగా కాకుండా చిన్న చిన్న వంకరలుగా కత్తిరించాను. తిన్నటి గీత నుదుటి మీద ఎక్కడా ఉండదు, ఉంటే అది కంటికి దొరికిపోతుంది. ముంగురులు మాత్రం నేను కత్తిరించుకోలేదు. మా వీధి బ్యూటీపార్లర్ చెల్లెలు విగ్గు నా తల మీద ఉండగానే, పొడిగా ఉన్నప్పుడు, ఒక్కో పాయ తీసి పక్కకి వాలేట్టు కత్తిరించింది. బొమ్మ తల మీద పెట్టి కోస్తే మన మొహానికి కుదరదు. విగ్గు జుట్టు మళ్లీ పెరగదు కాబట్టి ఒకేసారి ఎక్కువ తీయకూడదు.

నెల్లూరు ఎండ గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. రోహిణీకార్తెలో తల మీద ఇంకో తల పెట్టుకుని తిరగడం మాటలు కాదు. కింద నైలాన్ టోపీ బదులు జాలీ టోపీ వాడతాను, గాలి ఆడుతుంది. నుదుటి చుట్టూ మెత్తని వెల్వెట్ పట్టీ కట్టి దాని మీద విగ్గు పెడితే జిగురు లేకుండానే నిలుస్తుంది. పెళ్లిళ్లకీ, గాలి కొట్టే మైపాడు బీచికీ వెళ్లే రోజు మాత్రమే రెండువైపులా అంటుకునే టేపు వాడతాను. జిగురు వాడేవాళ్లు ముందు మోచేతి మడతలో ఒక చుక్క పెట్టి ఒక రోజంతా ఆగి చూసుకోవాలి. దురద పుట్టినా, ఎర్రబడినా వద్దు. ఇంటికి రాగానే విగ్గు తీసి తలకి గాలి తగలనివ్వాలి. బిగుతుగా అలాగే ఉంచుకుంటే కింద ఉన్న సొంత జుట్టు కూడా అంచుల్లో ఊడుతుంది.

వారం పది రోజుల వాడకానికి ఒకసారి చల్లటి నీళ్లలో షాంపూ కలిపి ముంచి తీస్తాను. రుద్దను, పిండను. కండిషనర్ చివర్లకే, ముడుల దగ్గర పెడితే వెంట్రుకలు వదులై ఊడతాయి. బోర్లించిన బిందె మీద గుడ్డ పరిచి నీడలో ఆరేస్తాను. పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. సింథటిక్‌దైతే తడిగా ఉన్నప్పుడు అసలు దువ్వకూడదు. దానికున్న ప్లాస్టిక్ మెరుపు పోవాలంటే కొంచెం పౌడరు చల్లి దులిపితే చాలు.

ఆ సింథటిక్ విగ్గుని నేను రెండో నెలలోనే పాడుచేసుకున్నాను. చేపల పులుసు పెడుతూ, పులుపు సరిపోయిందో లేదోనని గిన్నె మీదికి వంగాను. మంట గిన్నె పక్క నుంచి పైకి వస్తోంది. ఏమీ కాలలేదు, వాసన కూడా రాలేదు. సాయంత్రం అద్దంలో చూస్తే కుడివైపు ముంగురులు పురి తిరిగి, చివర్లు కొబ్బరి పీచులా గరుకుగా అయిపోయాయి. తడిపినా, దువ్వినా మారలేదు. వేడి తగిలిన సింథటిక్ ఇక వెనక్కి రాదు. ఆ భాగం కత్తిరించేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి వంటింట్లో తలకి నూలు గుడ్డ చుట్టుకుంటాను, విగ్గు పెట్టుకోను.

పూల సంగతి కూడా చెప్పాలి. మూర మల్లెపూలు కొని సైడు పిన్నుతో పెడితే విగ్గు మీద నిలవవు, జారిపోతాయి. పిన్ను గట్టిగా గుచ్చితే నెట్టు చిరుగుతుంది. నేను విగ్గు లోపల, జుట్టుని వరసగా కుట్టిన పట్టీ ఉంటుంది కదా, దానికి మెడ పైన రెండు చోట్ల నల్ల దారంతో చిన్న కుచ్చు కాజాలు కుట్టాను, హుక్కుకి జాకెట్టు మీద కుడతామే అలాంటివి. దండ దారం అందులోంచి దూర్చి ముడివేస్తే రాత్రి దాకా కదలదు. మా వాళ్లలో పదిమందికి పైగా ఇప్పటికి ఈ కాజాలు కుట్టించుకున్నారు. దీనికి డబ్బు తీసుకోను.

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు వస్తుంటాడు. పగలు మామూలు ఉద్యోగస్తుడు, భార్యాపిల్లలు ఉన్నారు, మగవాడిగానే ఉంటాడు, ఉండాలనుకుంటాడు. నెలకొకసారి చీర కట్టుకుంటే అతనికి ప్రాణం తేలిక పడుతుంది. భార్యకి తెలుసు, ఆమే చీరలు మడతపెట్టి పంపిస్తుంది. నాకు పనికొచ్చింది అతనికి పనికిరాదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లేవాడికి జిగురు మరక ఉండకూడదు, కనుబొమలు సన్నం చేసుకోవడానికి లేదు, గంటలో వేసుకుని గంటలో తీసేయాలి. అతనికి ఒత్తైన ముంగురులు కనుబొమల దాకా దిగే సింథటిక్ విగ్గు ఎంచాం. నుదుటి అంచూ, కనుబొమలూ రెండూ దాని కింద సర్దుకుపోతాయి. నెట్టు అంచు అక్కర్లేదు కాబట్టి ఖరీదూ తక్కువ. కళ్లజోడు కాడలు విగ్గు చెవి పట్టీకి తగిలి పైకి లేపుతున్నాయని, కాడలు విగ్గు కిందుగా పోయేట్టు పెట్టుకోమన్నాను. మొదటిది అతను దాచడానికి చోటు లేక మే నెలలో బండి డిక్కీలో పెట్టాడు. మడతపడ్డ చోటల్లా మెలికలు తిరిగి, పనికిరాకుండా పోయింది. ఇప్పుడు రెండోది నా దగ్గరే, సంచిలో, పక్కన అతని పేరు రాసిన కాగితంతో ఉంటుంది. వచ్చినప్పుడు, "అక్కా, నా జుట్టు" అని చెయ్యి చాపుతాడు. ఆ మాట అనేటప్పుడు అతని మొహం చూడాలి.

కొత్త విగ్గుతో నేను మొదటిసారి పెద్ద జనంలోకి వెళ్లింది రొట్టెల పండగకి. మొహర్రం రోజులు, బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు. నీళ్లలో నిలబడి మొక్కు తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, మొక్కుకునేవాళ్లు తీసుకుంటారు. ఇచ్చినా, పుచ్చుకున్నా తల మీద గుడ్డ కప్పుకుంటారు కాబట్టి తడుస్తుందని భయం లేదు. అయినా గుండె కొట్టుకుంటూనే ఉంది. పక్కన నిలబడిన ముసలామె నా భుజం తట్టి, "అమ్మా, ఆరోగ్యం రొట్టె ఎవురి దగ్గరుందో చూడు, నాకు కండ్లు ఆనవు" అంది. నేను వెతికి తెచ్చి ఇచ్చాను. ఆమె నా మొహంలోకి చూసింది, రొట్టె విరిచి సగం నాకు పెట్టింది. జుట్టు వైపు చూపు పోనే లేదు. ఆ ఏడాది నేను ఏ రొట్టె పట్టుకోవాలని వెళ్లానో మర్చిపోయి ఇంటికొచ్చేశాను.

ఈలోపు డాక్టరు దగ్గర హార్మోన్ల చికిత్స మొదలైంది. రక్తపరీక్షలు చేయించుకుంటూ, ఆయన రాసిన మోతాదులోనే వాడుతున్నాను. ఎవరో చెప్పారని మందుల షాపులో కొని మింగకండి, కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. జుట్టు ఊడటం ఆగింది. నడినెత్తి మీద కొంచెం ఒత్తు వచ్చింది. నుదుటి రెండు మూలలూ పూర్తిగా నిండలేదు, నిండుతాయని ఆశపెట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పారు. జుట్టు నెలకి సెంటీమీటరు, ఆ పైన కొంచెం పెరుగుతుంది. రెండేళ్లు దాటాక భుజాల కిందికి వచ్చింది. ఇప్పుడు విగ్గు పెళ్లిళ్లకే. రోజూ సొంత జుట్టే, ముందు మూలల మీదికి పాయలు దువ్వి, పక్క పాపిట తీసి. మొహానికి ఏది నప్పుతుందో విగ్గులే నేర్పాయి కాబట్టి ఈ జుట్టుతో తడుముకోలేదు.

కానీ జడకి చాలదు. చిన్నబజారులో సవరాలు చూశాను. నైలాన్‌వి వంద రూపాయల నుంచే ఉన్నాయి, నిజం జుట్టువి వేలల్లో. నా జుట్టు రంగుకి కలిసేది దొరకలేదు.

మా అమ్మ కావలి దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. నేను చీరలో వెళ్లడం మొదలుపెట్టాక మూడేళ్లు నా మొహం చూసి మాట్లాడలేదు. అన్నం పెట్టేది, వాకిట్లోకి చూస్తూ మాట్లాడేది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు తలంటుకుని అరుగు మీద జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. అమ్మ లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తీసిన చప్పుడు వినపడింది. పాత చీర ముక్కలో చుట్టిన సవరం పట్టుకుని వచ్చింది. తిరుమలలో జుట్టిచ్చాక, మళ్లీ భుజాల దాకా పెరిగినప్పుడు జడ వేసుకోవడానికి కొనుక్కున్నదట. మూడు పాయలు, పైన నల్ల దారంతో బిగించిన ముడి, చివర వెలిసిపోయిన ఎర్ర కుచ్చులు. అమ్మ జుట్టు తెల్లబడి చాలా ఏళ్లయింది, ఆ సవరం ఆమెకి ఇక కలవదు.

అమ్మ నా వెనక పీట వేసుకుని కూర్చుంది. కొబ్బరినూనె అరచేతిలో రుద్దుకుని, దువ్వెన మొనతో పాపిట తీసింది, నేను తీసుకునే పక్కకే. మెడ దగ్గర నా జుట్టుని మూడు పాయలు చేసి, ఒక్కో పాయలో సవరం పాయ కలిపి అల్లడం మొదలుపెట్టింది. అల్లిక గట్టిగా బిగుస్తోంది, కళ్లలో నీళ్లు తిరిగి నేను తల పక్కకి తిప్పబోయాను.

"తల కదిలించబాకమ్మా, వంకరపోద్ది" అంది.